జూలై కార్యక్రమం: దుర్గాబాయి నాటిక, గేటు డ్యూటీ, కాజాలు అన్నీ ఇక్కడే మాట్లాడుకుందాం

నాటిక బాధ్యత:
మెల్‌బోర్న్ తెలుగువాళ్లందరికీ నమస్కారం. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పుట్టినరోజు జూలై 15 వారం మధ్యలో పడింది, కాబట్టి తర్వాతి శనివారం చేసుకుందాం. హాలు మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 9 దాకా మనది. తొమ్మిదికల్లా ఊడ్చి తాళాలు అప్పజెప్పాలి. పోయినేడాదిలా ఎనిమిదిన్నరకి సన్మానాలు మొదలుపెడితే కుదరదు.

గ్రూపులో పెట్టిన స్క్రిప్టు చదివాను. రాసినవాళ్లు ఏమీ అనుకోవద్దు, అది నాటికలా లేదు, బయోడేటాలా ఉంది. 1909లో రాజమండ్రిలో పుట్టారు, రాజ్యాంగ సభ సభ్యురాలు, ప్రణాళికా సంఘం సభ్యురాలు, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలు, 1975లో పద్మవిభూషణ్... పిల్లలు ఇవన్నీ మైకు ముందు అప్పజెబుతుంటే కింద కూర్చున్న మనం ఫోన్లు చూసుకుంటాం.

నా మాట వింటే ఇరవై నిమిషాలూ రెండే సంఘటనలు. రెండూ కాకినాడవే. రెండింటిలోనూ ఆవిడ మన పిల్లల ఈడుదే.

మొదటిది 1921. గాంధీగారు కాకినాడ వస్తున్నారు. దేవదాసీలూ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన్ని చూడాలని ఈ పిల్ల పట్టుబట్టింది. ఐదు వేల రూపాయల నిధి ఇస్తే పది నిమిషాలు కేటాయిస్తామన్నారు స్థానిక పెద్దలు. పన్నెండేళ్లు కూడా నిండని పిల్ల! ఆ ఆడవాళ్లే డబ్బు పోగుచేశారు. పది నిమిషాలకని వచ్చిన గాంధీగారు అరగంట పైనే ఉండిపోయారు, వాళ్లు ఒంటిమీద నగలు తీసి ఇచ్చారు. ఆయన హిందీ మాటల్ని ఈ పిల్ల తెలుగులో చెబుతుంటే విని, తర్వాత పెద్ద సభలో కూడా అనువాదం ఈ అమ్మాయే చేయాలన్నారు. అక్కడ ఆ పనికి సిద్ధంగా ఉన్నది ఎవరనుకున్నారు? పెద్ద కాంగ్రెస్ నాయకుడు కొండా వెంకటప్పయ్య పంతులుగారంతటివారు!

రెండోది 1923 డిసెంబరు, కాకినాడ కాంగ్రెస్ మహాసభలు. పక్కనే ఖాదీ ప్రదర్శన, అక్కడ దుర్గాబాయి వాలంటీరు. టికెట్ లేనివాళ్లని లోపలికి వదలకూడదు, అదీ ఆమెకి అప్పజెప్పిన పని. నెహ్రూ వచ్చారు. టికెట్ లేదు. ఆపేసింది. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి చీవాట్లు పెట్టారు. మీరు చెప్పిందే కదా చేస్తున్నాను అంది. చివరికి వాళ్లే టికెట్ కొని ఇస్తే అప్పుడు వదిలింది. నెహ్రూ మెచ్చుకున్నారు.

వాలంటీర్లం మనమే చేసుకునే కార్యక్రమానికి ఇంతకన్నా కథేం కావాలి?

భోజనాల కమిటీ:
అన్నయ్యా, గేటు సీను బాగుంది. కాకినాడ అన్నారు కాబట్టి స్వీటు కాజాలే. మా చెల్లి కాకినాడ నుంచి వస్తూ తెస్తానంది కానీ ఇక్కడి ఎయిర్‌పోర్టులో ఏమంటారో అని భయం. ఇక్కడే చేయిస్తే పాకం లోపలికి పట్టదు, కొరికితే పిండి తగులుతుంది. ఒక డబ్బా శాంపిల్ ఆదివారం తెస్తాను, తిని చెప్పండి. పెసరట్టు మాత్రం అడగొద్దు, హాల్లో పొయ్యి వెలిగించనివ్వరు. పులిహోర, దద్ధోజనం, వంకాయ కూర ఇళ్లలో చేసి తెద్దాం. జూలైలో మెల్‌బోర్న్ చలికి దద్ధోజనం ఎవరు తింటారంటే, అదీ నిజమే, ఆలోచిద్దాం.

పెద్దల విభాగం:
బాబూ, పిల్లప్పుడు గేటు దగ్గర నిలబడిందని చెప్పి ఆపేస్తే ఎలా? ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసులో జైలుకెళ్లిన మనిషి. మదురై జైల్లో ఒంటరి గదిలో పెట్టారు. బయటికొచ్చాక బెనారస్ మెట్రిక్, ఆంధ్రా యూనివర్సిటీలో బీఏ, మద్రాసులో లా. 1937లో ఆంధ్ర మహిళా సభ. రాజ్యాంగ సభలో ఉన్న ఆడవాళ్లు పదిహేనుమంది, అందులో అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే అధ్యక్ష వర్గంలో చోటు దక్కింది ఈవిడ ఒక్కరికే. ఇవి చెప్పకపోతే మనవాళ్లకి ఎవరు చెబుతారు? మా మనవరాలికి ఢిల్లీ మెట్రోలో స్టేషన్ పేరుగా తప్ప ఆవిడ తెలీదు.

నాటిక బాధ్యత:
బాబాయ్ గారూ, వదిలెయ్యమనలేదు. అవన్నీ హాలు గోడలకి బోర్డుల మీద పెడదాం, టీ తాగుతూ చదువుకుంటారు. స్టేజీ మీద మూడో సీను ఒక్కటి మీకోసం: రాజ్యాంగ సభ. రాజ్యసభకి పోటీ చేసే వయసు 35 అని ముసాయిదాలో ఉంటే 30కి తగ్గించాలని సవరణ తెచ్చింది ఆవిడే. ఇప్పటికీ 30 అనే ఉంది. మన యూత్ వింగ్ వాళ్లు ఈ సీను అడిగి మరీ తీసుకుంటారు.

ఇంకో సంగతి. స్క్రిప్టులో 1923 సీనులో నెహ్రూ చేత "దేశ్‌ముఖ్ అమ్మాయీ" అనిపించారు. అప్పటి ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ గారితో పెళ్లి 1953 జనవరిలో. సాక్షి సంతకం నెహ్రూదే. అప్పటిదాకా ఆవిడ వట్టి దుర్గాబాయి, రాజ్యాంగ సభలో జి. దుర్గాబాయి.

యూత్ వింగ్:
అంకుల్, ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారని చదివాను. అది ఉండదా? మా ఫ్రెండ్స్‌కి అదే ముందు చెప్పాలనిపించింది.

నాటిక బాధ్యత:
ఉండాలమ్మా, మంచి మాట అడిగావు. కానీ చిన్న పిల్లకి పెళ్లికూతురి వేషం వేసి స్టేజీ ఎక్కిస్తే కింద అందరూ ముద్దుగా ఉందని ఫోటోలు తీస్తారు. అదే నాకు ఇష్టం లేదు. పెళ్లి చూపించొద్దు. పెద్దయ్యాక కాపురానికి వెళ్లనని చెప్పడం, తండ్రీ తమ్ముడూ ఆమె పక్కన నిలబడటం, ఆ నాలుగు మాటలు చాలు. కూతురు చాప మీద కూర్చుని హిందీ పుస్తకం మూసి మాట్లాడుతుంది. తండ్రి బాబాయ్ గారే.

పెద్దల విభాగం:
నాకు డైలాగులు గుర్తుండవు.

నాటిక బాధ్యత:
మీకు డైలాగే లేదు. తల ఊపితే చాలు.

స్టేజీ, సౌండ్:
కాలర్ మైకులు నాలుగే ఉన్నాయి. గాంధీ, దుర్గాబాయి, నెహ్రూ, వ్యాఖ్యాత. దేవదాసీల గుంపుకి మైకు లేదు, గాజులు తీసి పళ్లెంలో వేసే చప్పుడు చాలు. స్టీలు పళ్లెం అయితే బాగా వినబడుతుంది, ఎవరైనా పెద్దది తెండి. ఓణీలు ఖద్దరువే కావాలంటే ఎక్కడా దొరకవు. తెల్ల కాటన్ దుప్పటి చింపి అంచు కుట్టేద్దాం, మా ఆవిడ కుట్టుమిషన్ ఉంది.

టికెట్ల కమిటీ:
ఇంతకీ అసలు గేటు దగ్గర ఎవరు? పోయినసారి నేను నిలబడ్డాను. "మేం కమిటీవాళ్లం" అని తొమ్మిది కుటుంబాలు, "మేం స్పాన్సరు తాలూకు" అని మూడు కుటుంబాలు లోపలికెళ్లాయి. లెక్కలో 41 ప్లేట్లు తేడా వచ్చాయి. ఆఖర్న మా ఇంట్లోవాళ్లకే అన్నం లేదు. ఈసారి నేను నిలబడను, ఒకవేళ నిలబడితే ఎవర్నీ వదలను.

యూత్ వింగ్:
నెహ్రూ సీనులో దుర్గాబాయి వేషం వేసే అమ్మాయినే కాస్ట్యూమ్‌తో గేటు దగ్గర పెడదాం! నాటిక ఐదింటికి కదా, మూడు నుంచి నాలుగున్నర దాకా తనే టికెట్లు చూస్తుంది. పద్నాలుగేళ్ల పిల్లతో ఎవరు పోట్లాడతారు?

భోజనాల కమిటీ:
పోట్లాడతారు తల్లీ, మనవాళ్లు నీకింకా తెలీదు. పక్కన నేను గరిటె పట్టుకుని ఉంటాను.

నాటిక బాధ్యత:
ఖాయం. టికెట్ల కమిటీ అక్కా, స్పాన్సరుగారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి, ఆ రోజు నొచ్చుకోకుండా.

టికెట్ల కమిటీ:
ఫోన్ చేశాను. కథంతా విని పెద్దగా నవ్వి నాలుగు టికెట్లు కొన్నారు. ఈ గ్రూపులో మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ కొనలేదు.