ప్రశ్నార్థకం లాటిన్ మాటకు పొట్టిరూపమా?

అక్షరప్రియ:
వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక వివరణ మీద మీ అభిప్రాయాలు కావాలి. లాటిన్‌లో 'క్వెస్తియో' అంటే ప్రశ్న. మధ్యయుగపు లేఖకులు ఆ మాటలో మొదటి, చివరి అక్షరాలైన క్యూ, ఓలను మాత్రం ఉంచి, క్యూను ఓ నెత్తిన ఎక్కించారట. రానురాను క్యూ కొంకి అయింది, ఓ చుక్క అయింది. సంతోషంతో రోమన్లు అరిచే 'ఇయో' నుంచి ఆశ్చర్యార్థకం కూడా ఇలాగే పుట్టిందట. నాకు నమ్మదగ్గదిగానే తోచింది. తోలు కాగితం ఖరీదైన కాలంలో లేఖకులు మాటలను కుదించేవారు కదా.

పాతప్రతి:
కథ బాగుంది, ప్రతులే ఒప్పుకోవడం లేదు. ఈ గుర్తు 8వ శతాబ్దం చివర, చార్లెమాన్ చక్రవర్తి కాలంలో కనిపిస్తుంది. అప్పటి రూపం ఒక చుక్క, దాని పైన కుడివైపుకు ఎగసే అల. క్యూ పోలిక మచ్చుకైనా లేదు. మీ వివరణే నిజమైతే పాత ప్రతుల్లో అక్షరాలు స్పష్టంగా ఉండి, కొత్త ప్రతుల్లో చెదరాలి. ఇక్కడ అంతా తలకిందులు: కొంకి రూపం చాలా తర్వాత వచ్చింది. లేఖకులు దీనిని 'పుంక్తుస్ ఇంటెరొగాటివుస్', అంటే అడిగే చుక్క అన్నారు. బిగ్గరగా చదివేవాడికి గొంతు ఎక్కడ లేపాలో చెప్పడమే దాని పని.

మధ్యమార్గి:
ఆధారం దొరకనంత మాత్రాన జరగలేదని తీర్పు చెప్పలేం. & గుర్తును చూడండి. అది 'మరియు' అనే అర్థమున్న లాటిన్ 'ఎత్' మాటలోని రెండు అక్షరాలు కలిసిపోగా ఏర్పడిందే. అక్కడ జరిగింది ఇక్కడ జరగకూడదా?

పాతప్రతి:
& విషయంలో మెట్టు మెట్టూ కళ్లెదుటే ఉంది. ప్రాచీన రోమన్ నగరం పాంపే గోడరాతల్లో ఆ అక్షరాల కలయిక ఉంది, నేటి కొన్ని వాలు అచ్చుల్లోనూ రెండు అక్షరాలూ చదవవచ్చు. క్వెస్తియోకు అలాంటి మెట్టు ఒక్కటి చూపించండి. పైగా మధ్యయుగపు చదువుల్లో ఆ మాట ఎక్కువగా వినిపించేది చర్చకు పెట్టిన సమస్యకు పేరుగా. ఆ చర్చలు వర్ధిల్లిన విశ్వవిద్యాలయాలు వెలిసేనాటికి మన చుక్క, అల ఎప్పుడో వాడుకలో ఉన్నాయి.

చుక్కలరాయుడు:
అసలు అన్నిటికీ లాటిన్ మూలం అంటగట్టడమే నాకు నచ్చదు. కామా అంటే గ్రీకులో నరికిన ముక్క, కోలన్ అంటే అవయవం, పీరియడ్ అంటే చుట్టి రావడం. మొదట ఇవి వాక్యంలోని భాగాలకు పేర్లు, గుర్తులకు కాదు. లాటిన్ వాటిని మోసుకొచ్చింది, అంతే.

మధ్యమార్గి:
వెయ్యేళ్లకు పైగా మోస్తే సొంతం కాదా? 'విరామం' సంస్కృతం నుంచి వచ్చింది కాబట్టి తెలుగు కాదంటారా? అచ్చంగా లాటిన్‌వీ ఉన్నాయి. చిన్న బెత్తం అనే అర్థమున్న 'విర్గుల' నుంచే ఫ్రెంచివారు కామాను విర్గ్యూల్ అంటున్నారు. సెమికోలన్‌లో సగం లాటిన్, సగం గ్రీకు; 1490లలో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ దానిని అచ్చుకెక్కించాడు.

ప్రూఫుల బల్ల:
మా వృత్తిలోదీ ఒకటి చేర్చండి. మాట జారిపోయిన చోట పెట్టే కేరెట్ గుర్తు లాటిన్ క్రియే, 'లోపించింది' అని అర్థం. మనవాళ్లు దానికి హంసపాదు అన్నారు. రోమన్లు లోపాన్ని చూశారు, మనం ఆకారాన్ని చూశాం. నాకు మనదే ఇష్టం, పక్షపాతమే అనుకోండి.

అక్షరప్రియ:
సరే, 'ఇయో' సంగతి ఎవరూ తేల్చలేదు.

పాతప్రతి:
14వ శతాబ్దపు ఇటలీలో యాకోపో అల్పోలేయో అనే ఆయన ఆశ్చర్యార్థకం తన సృష్టేనని రాసుకున్నాడు. ఆ గొప్ప పూర్తిగా ఆయనదేనా అన్నది పక్కన పెట్టండి. పాత పేరు 'పుంక్తుస్ అద్మిరాతివుస్'. అందులో ఉన్నది విస్మయం, సంతోషం కాదు. ఇంగ్లీషు పేరులో కేక ఉంది. మన 'ఆశ్చర్యార్థకం' ఇంగ్లీషుకన్నా ఆ పాత పేరుకే దగ్గర.

అక్షరప్రియ:
పిల్లలకు గుర్తుండేది మాత్రం క్యూ, ఓల కథే. నేను అదే చెబుతాను, 'అంటారు' అని చేర్చి.

చుక్కలరాయుడు:
ఆ 'అంటారు' రెండో తరగతికి వచ్చేసరికి రాలిపోతుంది. పాతప్రతి గారూ, ఆ అల చర్చి గానాల స్వరలేఖనం నుంచి వచ్చిందన్న వాదన మాటేమిటి?

పాతప్రతి:
రెండూ దాదాపు ఒకే కాలపువి, ఏది ఏ దానికి అప్పు పడిందో తేల్చడం కష్టం. దానికి వేరే చర్చ తెరవండి, వస్తాను.