స్పిటల్‌ఫీల్డ్స్‌లో పాత ఇళ్లను కాపాడింది ఎవరి కోసం?

అద్దెజీవి:
లండన్ తూర్పు వైపున్న స్పిటల్‌ఫీల్డ్స్ గురించి ఎవరు రాసినా పొగడ్తలే. 1977లో ఎల్డర్ స్ట్రీట్‌లో పాత ఇళ్లను కూల్చబోతుంటే, చరిత్ర మీద ప్రేమ ఉన్న కొందరు లోపల తిష్ఠవేసి ఆపారు. మంచి పనే. కానీ అప్పట్లో ఆ చుట్టుపక్కల వీధుల్లో బతుకుతున్నదెవరు? సిల్హెట్ నుంచి వచ్చిన బంగ్లాదేశీలు. కింద కుట్టుమిషన్లు, పైన కాపురం. ఇళ్లు బాగుపడ్డాయి, మిషన్లు పోయాయి. ఇప్పుడు ఫోర్నియర్ స్ట్రీట్‌లో ఇల్లు కొనాలంటే కోటీశ్వరుడై ఉండాలి. ఇటుకల్ని కాపాడి మనుషుల్ని గాలికొదిలేశారంటాను. కాదంటారా?

మగ్గంగుంట:
సగం ఒప్పుకుంటాను, కారణం మాత్రం వేరు. 1685లో ఫ్రాన్సులో ప్రొటెస్టెంట్లకున్న రక్షణ తీసేశాక పారిపోయి వచ్చిన హ్యూగెనోలు ఇక్కడ పట్టు నేశారు. అటక మీద గోడ పొడవునా ఉండే కిటికీలు చూడండి. సన్నని పోగు తెగితే కంటికి ఆనాలంటే అంత వెలుతురు ఉండాల్సిందే, నేతపని తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇప్పుడు కొన్ని ఇళ్ల ముందు గుర్తుగా చెక్క కండెలు వేలాడదీశారు. నాకైతే చూస్తే కాస్త నవ్వొస్తుంది.

అసలు సంగతి 19 ప్రిన్స్‌లెట్ స్ట్రీట్‌లో ఉంది. 1719 నాటి ఇల్లు. తర్వాత వచ్చిన యూదులు 1869లో దాని పెరట్లో ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. ఇప్పటి పరిరక్షణ నిబంధనలు అప్పుడే ఉంటే పెరడు ముట్టుకోనిచ్చేవారా? ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకున్నారు కాబట్టే ఈ పేట పేదవాళ్లకి అక్కరకొచ్చింది. ఏదో ఒక కాలం దగ్గర గడియారం ఆపేస్తే తర్వాత వచ్చేవాడికి చోటుండదు.

టీబ్రేక్:
ఆ కుట్టు వర్క్‌షాపుల గురించి మరీ కలలు కనకండి. గాలి ఆడని గదులు, చెమ్మ గోడలు. అవకాశం దొరికితే వాళ్లే వదిలి పోయేవారు.

పక్కవీధి:
మగ్గంగుంట గారూ, మీ ఉదాహరణే మీకు అడ్డం తిరుగుతోంది. బ్రిక్ లేన్ మూల మీద మసీదు చూడండి. 1743లో హ్యూగెనోల చర్చి, తర్వాత మెథడిస్టులనే మరో క్రైస్తవ శాఖది, 1898లో యూదులది, 1976 నుంచి మసీదు. గోడలు అవే. కూల్చలేదు కాబట్టే అంతమందికి పనికొచ్చింది.

ఇక జనం ఎందుకు పోయారంటారా? పక్కనే ఉన్న సిటీ, అంటే లండన్ బ్యాంకుల పేట, దాని ఆఫీసులు ఇటు పాకాయి. 1980ల్లో బ్రాడ్‌గేట్ అనే ఆఫీసుల సముదాయం లేచింది. 1991లో కూరగాయల హోల్‌సేల్ మార్కెట్‌ను లేటన్‌కి తరలించారు, ఆ స్థలంలో చాలా భాగం కూల్చి 2005కల్లా బిషప్స్ స్క్వేర్ అనే ఆఫీసు భవనం కట్టారు. దీనికి తోడు 1989 జనవరి 15 నుంచి ప్రైవేటు ఇళ్ల కొత్త అద్దెలకు పాత కట్టడి పోయింది. పాత కిటికీలు ఎవర్నీ ఖాళీ చేయించవు, ఓనర్లు చేయిస్తారు.

కూల్చితే పేదలు మిగులుతారనుకుంటే అదీ భ్రమే. కాస్త ఉత్తరాన ఓల్డ్ నికోల్ అనే మురికివాడను పడగొట్టి 1900లో బౌండరీ ఎస్టేట్ తెరిచారు, చక్కటి ఇళ్లు. ఖాళీ చేయించిన 5,719 మందిలో అక్కడ ఇల్లు దక్కింది 11 మందికి!

అద్దెజీవి:
ఆ 11 లెక్క నాకు తెలియదు, గట్టి దెబ్బే. కానీ అద్దె కట్టడి కాపురాల సంగతి, వర్క్‌షాపులకు వర్తించదు. చౌక దిగుమతుల వల్ల కుట్టుపని ఎలాగూ దెబ్బతింది, కాదనను.

నా ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది. అక్కడి పాత ఇళ్ల పరిరక్షణ ట్రస్టు శిథిలమైన ఇళ్లను కొని, అత్యవసర మరమ్మతులు చేసి, మిగతా పని ఎలా చేయాలో షరతులు పెట్టి మళ్లీ అమ్మింది. ఇంటిని ఎలా బాగుచేయాలో అంత పట్టుగా రాయించుకున్నవాళ్లకి, కింది అంతస్తు చేతిపని వాళ్లకే అద్దెకివ్వాలని ఇంకో వాక్యం చేర్చడం అంత కష్టమా?

పక్కవీధి:
చేర్చొచ్చు. అప్పుడు ఆ ధరకి ఎవడు కొంటాడు? కొనేవాడు లేకపోతే తర్వాతి ఇంటిని కాపాడే డబ్బు ఎక్కడిది?