రిచర్డ్ బాక్స్టర్‌ను మనస్సాక్షి స్వేచ్ఛకు ప్రతినిధి అనవచ్చునా?

పాతప్రతి:
17వ శతాబ్దపు ఇంగ్లండులో ప్రభుత్వం విధించిన ఆరాధనా పద్ధతికి తలవంచక జీవనాధారం పోగొట్టుకున్న బోధకులలో రిచర్డ్ బాక్స్టర్ (1615–1691) ప్రముఖులు. 1660లో హెర్‌ఫర్డ్ బిషప్ పదవి ఇస్తామంటే ఆయన వద్దన్నారు. ప్రభుత్వ చర్చి ఆరాధనకు నిర్ణయించిన ప్రార్థనా గ్రంథంలోని ప్రతి అంశానికీ మనఃపూర్వక సమ్మతి తెలపాలని 1662 నాటి ఏకరూపతా చట్టం శాసించినప్పుడు, ఆగస్టు 24 గడువు దాకా ఆగకుండా మే నెలలోనే ప్రసంగపీఠం దిగిపోయారు. 1660–62 మధ్య దాదాపు 2,000 మంది బోధకులు ఇలా స్థానాలు కోల్పోయారు. 1669లో, మళ్ళీ 1685లో బాక్స్టర్ జైలుకు వెళ్ళారు. ఇటువంటి వ్యక్తిని మనస్సాక్షి స్వేచ్ఛకు ప్రతినిధి అనడం సమంజసమేనా? తనవంటివారికి తప్ప ఇతరులకు ఆయన స్వేచ్ఛ కోరలేదనే విమర్శ కూడా ఉన్నది కనుక సభ్యుల అభిప్రాయం తెలుసుకోగోరుతున్నాను.

తటస్థి:
ఆ విమర్శ న్యాయమైనదే. 1660 అక్టోబరులో లండన్‌లోని వూస్టర్ హౌస్‌లో రాజు రెండవ చార్లెస్ సమక్షంలో జరిగిన సమావేశాన్ని చూడండి. శాంతికి భంగం కలిగించనంతవరకు ఇతర మతవర్గాలవారు కూడా కూడుకొని ఆరాధించుకోవచ్చునన్న వాక్యాన్ని రాజు ప్రకటనలో చేర్చుదామని రాజు ముఖ్య మంత్రి అయిన ఛాన్సలర్ ప్రతిపాదించినప్పుడు, ఇది కాథలిక్కుల కోసం తెరుస్తున్న తలుపేమోనన్న అనుమానంతో అక్కడున్నవారంతా మౌనం వహించారు. నోరు విప్పినవారు బాక్స్టర్. సహించదగిన వర్గాలు వేరు, సహించరానివి వేరు అని ఆయన విభజించి, కాథలిక్కులనూ, త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న సిద్ధాంతాన్ని) అంగీకరించని సొసీనియన్లనూ రెండవ కోవలో పెట్టారు. కాథలిక్కుల మీద చట్టాలు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి కదా అని రాజు అంటే, వాటిని అమలు చేస్తారా లేదా అన్నదే ఇక్కడి ప్రశ్న అని బదులిచ్చారు. ఈ సంగతి శత్రువులు కల్పించినది కాదు, ఆయన మరణానంతరం అచ్చయిన ఆత్మకథలోనే ఉన్నది. రెండేళ్ళు తిరగకుండానే అదే కొలమానంతో ప్రభుత్వం ఆయనను కొలిచింది.

సాగరతీరం:
తటస్థి గారు చెప్పిన ఘటన నిజమే గాని, ఒక్క మాటను పట్టుకొని 76 ఏళ్ళ జీవితాన్ని తూచలేము. కిడర్మిన్‌స్టర్ అనే నేతగాళ్ళ పట్టణంలో ఆయన చేసిన సేవను మొదట చూడాలి. ఇంటింటి కుటుంబాన్నీ పిలిచి కూర్చోబెట్టి విశ్వాసపాఠాలు చెప్పడం, జనం పట్టక చర్చిలో అదనపు గ్యాలరీలు కట్టవలసి రావడం, వూస్టర్‌షైర్‌లో భిన్నాభిప్రాయాలు గల బోధకులను ఒకే సంఘంగా కూర్చడం, ఇవన్నీ అధికారం అండతో సాధించినవి కావు. బిషప్ పదవిని కాదన్న ఆ మనిషి, అదే పట్టణంలో జీతం లేకపోయినా సరే సహాయ బోధకుడిగా ఉండనివ్వమని ప్రాధేయపడ్డారు, ఆ ప్రాంతపు బిషప్ మోర్లీ అదీ ఇవ్వలేదు.

ఇంకొక విషయం తరచుగా మరుగున పడుతుంది. 1638లోనే ఆయన బిషప్ చేతుల మీదుగా డీకన్‌గా (చర్చి సేవకుల తొలి హోదాలో) నియమితులైనవారు. కాబట్టి బిషప్ చేత అభిషేకం పొందనివారు మళ్ళీ పొందాలన్న ఆ చట్టపు షరతు, ఇతరులను బాధించినట్లుగా, ఆయనను బాధించలేదు. ప్రార్థనా గ్రంథాన్ని కూడా ఆయన పూర్తిగా తిరస్కరించలేదు, పదవి పోయిన తరువాత సైతం స్థానిక చర్చి ఆరాధనకు హాజరవుతూనే ఉన్నారు. తాను నమ్మని వాక్యాల కింద, నమ్ముతున్నానని సంతకం పెట్టడం మాత్రం ఆయనకు సాధ్యం కాలేదు. మనస్సాక్షి అంటే ఇంతకంటె ఏమిటో నాకు తెలియదు. 1669లో క్లర్కెన్‌వెల్ జైలుకు పంపినప్పుడు భార్య మార్గరెట్ తానే వెళ్ళి ఆయనతో అక్కడ ఉన్నారు. 1685లో, 69 ఏళ్ళ రోగిష్ఠి వృద్ధుడిని, బైబిలులోని కొత్త నిబంధనకు వ్యాఖ్యానం రాసిన నేరానికి, న్యాయమూర్తి జెఫ్రీస్ నిండు న్యాయస్థానంలో దుర్భాషలాడి 500 మార్కుల (అప్పటి ఇంగ్లండు ద్రవ్యమానం) జుర్మానా వేశారు. అది కట్టనందుకు మరుసటి ఏడాది నవంబరు దాకా ఆయన నిర్బంధంలోనే గడిపారు.

వేపచెట్టు:
బాధ పడ్డారన్నది ఎవరూ కాదనడం లేదు. ఎవరి స్వేచ్ఛ కోసం పడ్డారన్నదే కదా ప్రశ్న?

తటస్థి:
వేపచెట్టు గారి ప్రశ్నకే వస్తున్నాను. ఆ కాలానికి అంతకు మించిన ఆలోచన సాధ్యం కాదని ఎవరైనా అంటారేమోనని ముందే చెబుతున్నాను: సాధ్యమే. రోజర్ విలియమ్స్ అనే మరొక బోధకుడు, యూదులకూ ముస్లిములకూ అన్యమతస్థులకూ సైతం ఆరాధనా స్వేచ్ఛ ఉండాలని 1644లోనే లండన్‌లో అచ్చు వేసి వాదించారు, పార్లమెంటు ఆ పుస్తకాన్ని తగలబెట్టించింది. అంటే ఆ వాదన బాక్స్టర్ కాలంలో అందరి ఎదుటా ఉన్నదే.

బోధకులూ నిర్ణీత ఆరాధనా క్రమమూ అక్కరలేదనే క్రైస్తవ వర్గమైన క్వేకర్ల సంగతి మరీ విచిత్రం. 1650లలో ఆయన వారిని ఖండిస్తూ పుస్తకాలు రాశారు, 1675లో క్వేకరు నాయకుడు విలియం పెన్‌తో ముఖాముఖి వాదానికి దిగారు. అయితే 1664లో ప్రభుత్వ చర్చికి వెలుపలి ఆరాధనా కూటముల నిషేధ చట్టం వచ్చినప్పుడు ఇతరులు చాటుగా కూడుకుంటుంటే, క్వేకర్లు లండన్‌లో బాహాటంగా సమావేశమై రోజూ జైలుకు ఈడ్వబడ్డారనీ, వారి మొండితనం వల్లే తక్కినవారికి కొంతకాలం ఊపిరాడిందనీ ఆయనే ఆత్మకథలో ఒప్పుకొన్నారు. అక్కడ కూడా వారిని ఉన్మాదులనే పిలిచారు. చూసినదాన్ని దాచకుండా రాసిన ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది, కాని ఆ నిజాయితీ ఆయన సిద్ధాంతాన్ని కదిలించలేదు.

సాగరతీరం:
విలియమ్స్ ప్రస్తావన బలమైనదని ఒప్పుకొంటాను. ఒక్క సవరణ మాత్రం చేర్చాలి. కాథలిక్కుల పట్ల బాక్స్టర్ వైఖరిలో మతద్వేషంతో పాటు రాజకీయ భయం కూడా ఉన్నది. చట్టాన్ని పక్కనపెట్టి రాజు తన ఇష్టం మీద ఇచ్చే సడలింపు, రేపు అదే ఇష్టం మీద పోతుందని ఆ తరంలో చాలామంది భయపడ్డారు. 1687లో కాథలిక్కు రాజైన రెండవ జేమ్స్ మతచట్టాల నుండి అందరికీ సడలింపు ప్రకటించినప్పుడు, అప్పటికి కొద్ది నెలల క్రితమే జైలు నుండి విడుదలైన బాక్స్టర్, అది తనకూ మేలు చేసేదే అయినా, రాజుకు కృతజ్ఞతాపత్రం సమర్పించినవారితో చేరలేదు. స్వలాభం కోసం మాట మార్చే మనిషైతే అప్పుడు మార్చి ఉండవలసింది.

తటస్థి:
స్వలాభం కోసమని నేను అనలేదు. స్థిరత్వం ఆయనలో పుష్కలంగా ఉన్నది, నా అభ్యంతరమంతా ఆ స్థిరత్వం దేనిమీద అన్నదే. 1689 నాటి సహన చట్టం బాక్స్టర్ వంటివారికి రక్షణ ఇచ్చి, కాథలిక్కులనూ త్రిత్వాన్ని ఒప్పుకోనివారినీ బయటే ఉంచింది. వూస్టర్ హౌస్‌లో ఆయన గీసిన గీత, దాదాపు ఉన్నదున్నట్లుగా, దేశపు శాసనమైంది. ఇంగ్లండులో కాథలిక్కులు చట్టం అనుమతితో బహిరంగంగా ఆరాధించుకోవడానికి 1791 దాకా, త్రిత్వాన్ని నిరాకరించేవారు శిక్షాభయం లేకుండా ఆ మాట చెప్పుకోవడానికి 1813 దాకా ఆగవలసి వచ్చింది.