బర్నార్డ్ 1967లో ఆగాల్సిందా?

కృష్ణాతీరం: మొదటి గుండె మార్పిడి అనగానే దక్షిణాఫ్రికా సర్జన్ క్రిస్టియాన్ బర్నార్డ్ పేరు చెప్పి చప్పట్లు కొడతాం. 1967 డిసెంబర్ 3న, కేప్‌టౌన్ గ్రూట్ షూర్ ఆస్పత్రిలో చేశాడు. కొత్త గుండె పెట్టించుకున్న లూయీ వాష్కాన్‌స్కీ బతికింది 18 రోజులు. ఆ ఆపరేషన్ పద్ధతిని షమ్వే, లోయర్ అనే ఇద్దరు సర్జన్లు అమెరికాలో ఏళ్ల తరబడి కుక్కల మీద చేసి ఒక దారికి తెచ్చారు. వాళ్లకంటే ముందు ఇతను మనిషి మీద చేసేశాడు. ఆ తర్వాత అంతా వేలంవెర్రే. 1968 ఒక్క ఏడాదిలోనే ప్రపంచం మొత్తం మీద సుమారు వంద చేశారు. బొంబాయి కేఈఎం ఆస్పత్రిలో సర్జన్ పి.కె. సేన్ ఫిబ్రవరిలో చేస్తే రోగి కొన్ని గంటలే ఉన్నాడు. చాలామంది నెలలు తిరక్కుండానే పోయారు. 1970ల మొదట్లో దాదాపు అందరూ మానుకున్నారు. ఒళ్లు కొత్త గుండెను తిప్పికొట్టకుండా ఆపే సరైన మందు లేనప్పుడు ఆ తొందర దేనికి?

ఐసీయూ_డ్యూటీ: వాష్కాన్‌స్కీ గుండె ఆగి చనిపోలేదండీ. పోయింది న్యుమోనియాతో. పెట్టిన గుండె చివరిదాకా బాగానే కొట్టుకుంది. అంటే ఆపరేషన్ నెగ్గినట్టే.

కృష్ణాతీరం: మనిషి పోయాక ఆపరేషన్ నెగ్గడమేంటి? ఆ న్యుమోనియా ఎందుకొచ్చింది? ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మీద నీడలు కనిపిస్తే రిజెక్షన్, అంటే ఒళ్లు కొత్త గుండెను తిప్పికొడుతోందనుకుని, దాన్ని అణిచే స్టెరాయిడ్ ఇంకా పెంచారు. తీరా చూస్తే అది ఇన్‌ఫెక్షన్. రోగనిరోధక శక్తిని అణిచేసింది వాళ్లే కదా.

ఐసీయూ_డ్యూటీ: అప్పట్లో రెండింటికీ తేడా చెప్పే పరీక్ష లేదు. గుండెలోంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ 1970లలో స్టాన్‌ఫర్డ్‌లో వచ్చింది. రిజెక్షన్‌ని అదుపు చేసే సైక్లోస్పోరిన్ మందు ఇంకా తర్వాత. ఎవరూ మొదలుపెట్టకపోతే అవి ఎవరి కోసం పుట్టేవి? 1968 జనవరి 2న బర్నార్డ్ చేసిన రెండో రోగి బ్లైబెర్గ్ 19 నెలలు బతికాడు, ఇంటికెళ్లాడు. పోయాక శవపరీక్షలో, దాత అయిన కుర్రవాడి గుండెలోని రక్తనాళాలు ముసలివాడివిలా పూడిపోయి కనిపించాయి. రిజెక్షన్‌కి ఇంకో రూపం ఉందని మనుషుల్లో తెలిసింది అక్కడే.

బెజవాడబాబు: ఇద్దరూ న్యుమోనియా దగ్గరే తిరుగుతున్నారు. గుండె ఇచ్చినవాళ్ల సంగతేంటి?

నల్లకోటు: నేనూ అదే అడుగుదామనుకున్నా. 1968 మేలో వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో బ్రూస్ టక్కర్ అనే నల్లజాతి కూలీ పడిపోయి తలకు దెబ్బ తగిలింది. మర్నాడే గుండె తీసి ఇంకొకరికి పెట్టారు. చేసిన జట్టు పైన చెప్పిన లోయర్‌దే. ఇంటివాళ్లు దొరకలేదన్నారు. టక్కర్ జేబులో సోదరుడి చెప్పుల రిపేరు దుకాణం కార్డు ఉంది! గుండె లేదన్న సంగతి అంత్యక్రియలు చేసేవాళ్లు చెబితే ఇంటివాళ్లకు తెలిసింది. కేసు వేస్తే 1972లో జ్యూరీ డాక్టర్ల వైపే తీర్పిచ్చింది. మెదడు ఆగితే మనిషి పోయినట్టే అన్న హార్వర్డ్ కమిటీ నివేదిక వచ్చింది 1968 ఆగస్టులో, అంటే ఆ గుండె తీశాక.

ఐసీయూ_డ్యూటీ: అది టక్కర్ కేసు. చర్చ బర్నార్డ్ గురించి. వాష్కాన్‌స్కీకి పెట్టిన గుండె డెనిస్ డార్వాల్ అనే అమ్మాయిది, ఆమె తండ్రిని అడిగి, ఒప్పుకున్నాకే తీశారు.

పల్లెగాలి: అడగడం అంటే ఏంటి డాక్టర్ గారూ? ఆ తండ్రికి భార్యా కూతురూ ఒకే యాక్సిడెంట్‌లో పోయారు. ఆ స్థితిలో మనిషి ఏం విని ఒప్పుకుంటాడు? మా తమ్ముడు బండి మీద నుంచి పడ్డప్పుడు అవయవదానం కాగితం పట్టుకుని ఒకావిడ వచ్చింది. వెంటిలేటర్ మీద ఛాతీ లేస్తూ పడుతూ ఉంది, ఒళ్లు వెచ్చగా ఉంది. వాడు పోయాడని మాకు అప్పటిదాకా ఒక్కరూ చెప్పలేదు. అమ్మ ఆవిడ మీద అరిచింది. మేం ఇవ్వలేదు. ఇప్పటికీ చుట్టాలు ‘ఇచ్చుంటే నలుగురు బతికేవాళ్లు’ అంటూనే ఉన్నారు.

ఐసీయూ_డ్యూటీ: మీ బాధ అర్థమైంది. కానీ ఒక ఆస్పత్రి చేసిన పనిని బర్నార్డ్‌కి అంటగడితే ఎలా? ఇలాంటి మాటల వల్లే జనం దానం అంటే బెదురుతున్నారు. వెయిటింగ్ లిస్టులో పోయేవాళ్లను నేను కళ్లారా చూస్తున్నా.

పల్లెగాలి: మా తమ్ముడి గురించి చెబితే జనం బెదురుతారా? నోరు మూసుకోమంటున్నారా?

కృష్ణాతీరం: డాక్టర్ గారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను మొదటి నుంచీ రోగి గురించే అడుగుతున్నా, వీళ్లు దాత గురించి అడుగుతున్నారు. మీరిచ్చే జవాబు మాత్రం ఇద్దరికీ ఒకటే: ముందు ముందు మేలు జరుగుతుంది, ఇప్పుడు ప్రశ్నలొద్దు.

ఐసీయూ_డ్యూటీ: ప్రశ్నలొద్దని నేననలేదు. మన దేశంలో 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం మెదడు ఆగిపోయిందని తేల్చడానికి నలుగురు డాక్టర్ల బోర్డు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష చేసి సంతకం పెట్టాలి. మార్పిడి చేసే జట్టులోవాళ్లు ఆ బోర్డులో ఉండకూడదు. 1967లో ఈ కట్టుబాటు లేదు. ఆ గొడవలన్నీ జరిగాకే వచ్చింది.

నల్లకోటు: చట్టంలో సంతకాల లెక్క ఉంది. తల్లిని పక్కన కూర్చోబెట్టి అర్థమయ్యేలా ఎవరు చెప్పాలన్నది వార్డులో ఎవరికి వాళ్లే తేల్చుకుంటున్నారు. పల్లెగాలి గారి ఫిర్యాదు అదే.

పల్లెగాలి: అవును. ముందు డాక్టరే వచ్చి ‘మీవాడు పోయాడు, ఈ పరీక్షలు చేశాం, ఇవిగో’ అని ఉంటే, కాగితం మర్నాడు తెచ్చినా అమ్మ సంతకం పెట్టేదేమో. దానానికి నేను అడ్డం కాదు.

ఐసీయూ_డ్యూటీ: పరీక్షలయ్యాక మర్నాటిదాకా ఆగితే ఒక్కోసారి గుండె పనికి రాకుండా పోతుందండీ. అక్కడే మీతో ఏకీభవించలేను.

పల్లెగాలి: అయితే కాగితం కంటే ముందు మీరు రండి. దానికి గుండె పాడవదు కదా.