హెచ్‌-1బి మీద డాలస్ వచ్చాను, తుపాకీ విషయంలో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు?

ప్రశ్న (ఫ్రిస్కో): అందరికీ నమస్కారం. హెచ్‌-1బి మీద ఈమధ్యే వచ్చాను. టెక్సస్‌లో లైసెన్సు కూడా అక్కర్లేదు, కొని నడుముకు పెట్టుకోవడమే అని ఆఫీసులో అంటున్నారు. రూమ్మేట్‌కు గ్రీన్‌కార్డు ఉంది, ఇంట్లో అతని పిస్టల్ ఉంది. శనివారం షూటింగ్ రేంజికి రమ్మంటున్నాడు. వెళ్లొచ్చా? తుపాకీ హక్కుల సంఘం ఎన్‌ఆర్‌ఏలో చేరొచ్చా?

జవాబు (ప్లేనో): తమ్ముడూ, ముందు శనివారం ప్రోగ్రాం ఆపెయ్.

ఆఫీసులో చెప్పింది టెక్సస్ రాష్ట్ర చట్టం. 2021 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న హెచ్‌బి 1927 అనే రాష్ట్ర చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సు లేకుండా హ్యాండ్‌గన్ పెట్టుకుని తిరగొచ్చు. కాకపోతే తుపాకీ ఉంచుకోవడానికి ఏ చట్టమూ అడ్డు చెప్పనివాళ్లకే ఆ వెసులుబాటు. నీకు ఫెడరల్ చట్టం అడ్డు చెబుతోంది. 18 యుఎస్‌సి 922(జి)(5) ప్రకారం నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్‌-1బి, హెచ్‌-4, ఎల్‌-1, ఎఫ్‌-1 అన్నీ ఇందులోకే వస్తాయి. గ్రీన్‌కార్డుకు అప్లై చేసి ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) మీద ఉన్నా కార్డు చేతికి వచ్చేదాకా మినహాయింపు వచ్చిందనుకోవద్దు. 2022 సవరణ తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు.

దగ్గర ఉంచుకోవడం అంటే కొనడమే కాదు. రేంజిలో అద్దె తుపాకీ పట్టుకుని పది రౌండ్లు కాల్చినా అది నీ చేతిలో ఉన్నట్టే లెక్క. రెహాఫ్ కేసు అలాగే మొదలైంది. స్టూడెంట్ వీసా మీద వచ్చి, యూనివర్సిటీ తీసేయడంతో స్టేటస్ పోగొట్టుకున్న వ్యక్తి ఫ్లోరిడాలో రేంజికి వెళ్లి కాల్చాడు, శిక్ష పడింది. తనకు స్టేటస్ లేదన్న సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలంటూ 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకు. హెచ్‌-1బి మీద ఉన్నానని నీకు తెలుసనడానికి నీ ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ఎంట్రీ రికార్డు) చాలు.

ఇక రూమ్మేట్ పిస్టల్. అది నీకు తెలిసిన చోట, నీ చేతికి అందేలా ఉంటే నువ్వు ముట్టుకోకపోయినా నీ ఆధీనంలో ఉందని వాదించవచ్చు. అందుకే అది అతని గదిలో, తాళం వేసిన సేఫ్‌లో ఉండాలి. కోడ్ నీకు తెలియకూడదు. తూటాలకూ ఇదే వర్తిస్తుంది, హాల్లోని షెల్ఫులో డబ్బా వదిలేస్తే కుదరదు. కారు మీరిద్దరూ వాడుతుంటే డ్యాష్‌బోర్డు అరలో పిస్టల్ మర్చిపోకుండా అతనికి గట్టిగా చెప్పు.

గ్యాస్ స్టేషన్లలో పనిచేసే స్టూడెంట్లు ఇది చదువుతుంటే వాళ్లకు కూడా చెబుతున్నా: కౌంటర్ కింద ఓనరు పెట్టిన తుపాకీని పక్కకు జరపడానికి కూడా ముట్టుకోవద్దు. ఓనరు మంచివాడైనా కేసు మీ మీదే పడుతుంది.

ప్రశ్న (ఫ్రిస్కో): థ్యాంక్స్ అన్నా. హంటింగ్ లైసెన్సు తీసుకుంటే సరిపోతుందని ఒకరు అన్నారు. నిజమేనా?

జవాబు (ప్లేనో): ఆ మినహాయింపు ఉన్న మాట నిజం, 922(వై)(2)లో ఉంది. ఏదో ఒక అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు దగ్గర ఉంటే నాన్‌ఇమిగ్రెంట్‌కు ఆ నిషేధం వర్తించదు. ఎక్కువమంది దెబ్బతినేది గడువు దగ్గరే. టెక్సస్ వార్షిక లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. రెన్యూ చేయకపోతే సెప్టెంబరు 1 ఉదయానికి ఇంట్లో ఉన్న రైఫిల్ ఫెడరల్ నేరమైపోతుంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఉండాలి. 17 ఏళ్లు దాటితే ఆన్‌లైన్‌లోనే పూర్తి చేయొచ్చు.

షాపులో తుపాకీ కొనేటప్పుడు 4473 అనే ఫెడరల్ ఫారం నింపాలి. వీసా గురించి, మినహాయింపు గురించి విడిగా అడుగుతారు. అక్కడ రాసే అబద్ధమే వేరే నేరం. నీ కోసం రూమ్మేట్ తన పేరు మీద కొనడం స్ట్రా పర్చేజ్. కొనిపించుకున్న మనిషికి సొంతంగా కొనే అర్హత ఉన్నా అది నేరమేనని 2014లో అబ్రామ్‌స్కీ కేసులో తేలింది. ప్రైవేటు అమ్మకాల్లో టెక్సస్‌లో బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉండదు కాబట్టి నిన్ను ఎవరూ ఏమీ అడగరు. అడగనంత మాత్రాన నిషేధం పోదు.

ఇన్ని చెప్పాక నా మాట ఒక్కటే. మినహాయింపు ఉన్నా హెచ్‌-1బి మీద ఉండగా కొనవద్దు. తుపాకీ నేరంలో శిక్ష పడిన ఏ విదేశీయుణ్నయినా దేశం నుంచి పంపేయొచ్చని ఇమిగ్రేషన్ చట్టంలో విడిగా రాసి ఉంది. ఇది గ్రీన్‌కార్డు వాళ్లకూ వర్తిస్తుంది. సిటిజన్ అయితే జరిమానాతో బయటపడే చిన్న కేసులో కూడా మనం ఇక్కడ కట్టుకున్న బతుకంతా పోతుంది.

జవాబు (ఎడిసన్, న్యూజెర్సీ): గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ల కోసం ఇంకొన్ని సంగతులు. రాష్ట్రం దాటితే రూల్సు మారిపోతాయి. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు, న్యూయార్క్‌లో క్యారీ పర్మిట్‌కు (తుపాకీ పెట్టుకు తిరిగే అనుమతికి) ‘తగిన కారణం’ చూపాలన్న షరతును కొట్టేసింది గానీ, పర్మిట్ విధానాన్ని కొట్టేయలేదు. న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా వేరే రాష్ట్రం క్యారీ పర్మిట్‌ను గుర్తించవు. మా దగ్గర హ్యాండ్‌గన్ కొనడానికే ఒక్కోదానికి ఒక్కో పర్మిట్ కావాలి. క్యారీ పర్మిట్ లేకుండా పట్టుబడితే అది సెకండ్ డిగ్రీ నేరం, 5 నుంచి 10 ఏళ్లు. గ్రేవ్స్ యాక్ట్ అనే న్యూజెర్సీ చట్టం కింద కనీసం 42 నెలలు పెరోల్ లేదు. 2013లో పెన్సిల్వేనియా పర్మిట్ ఉన్న ఒక మహిళ ఇక్కడ ట్రాఫిక్ స్టాప్‌లో తనంతట తానే పోలీసుకు చెప్పి అరెస్టయింది. 2015లో గవర్నర్ క్రిస్టీ క్షమాభిక్ష పెట్టాకే ఆ కేసు నుంచి విముక్తి. మనవాళ్లు డాలస్ నుంచి ఎడిసన్‌కు ఇల్లు మారుతూ అన్నీ ట్రక్కులో వేసుకొస్తారు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

దారిలో ఉన్న రాష్ట్రం మీదుగా వెళ్లడానికి 1986 ఫెడరల్ చట్టం రక్షణ ఇస్తుంది. బయల్దేరిన చోట, చేరే చోట రెండింటిలోనూ మీకు తుపాకీ ఉంచుకునే, పెట్టుకు తిరిగే హక్కు ఉండాలి. తుపాకీ లోడ్ చేసి ఉండకూడదు. తుపాకీ, తూటాలు రెండూ కూర్చున్న చోటి నుంచి అందకూడదు. డిక్కీ లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, డ్యాష్‌బోర్డు అర, కన్సోల్ చెల్లవు. విమానం అయితే చెక్డ్ బ్యాగులోనే, ఖాళీగా, తాళం వేసిన గట్టి పెట్టెలో, కౌంటర్‌లో చెప్పి ఇవ్వాలి. 2005లో న్యూవార్క్‌లో కనెక్షన్ తప్పిపోయిన ఒక ప్రయాణికుడు బ్యాగు తీసుకుని హోటల్లో పడుకున్నాడు. పొద్దున చెక్-ఇన్‌లో తుపాకీ ఉందని చెప్పగానే అరెస్టు చేశారు. హోటల్లో తుపాకీ అతనికి అందుబాటులో ఉంది కాబట్టి ఆ రక్షణ వర్తించదని 2010లో థర్డ్ సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. మీకూ అలా జరిగితే బ్యాగును చేతిలోకి తీసుకోవద్దు, ఎయిర్‌లైన్ దగ్గరే ఉంచమనండి.

జవాబు (ఇర్వింగ్): టెక్సస్‌లో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు లైసెన్సు అక్కర్లేకపోయినా ఎల్‌టీసీ (టెక్సస్ క్యారీ లైసెన్సు) తీసుకోవడం మంచిది. ఫీజు 40 డాలర్లు, 4 నుంచి 6 గంటల క్లాసు, షూటింగ్ టెస్టు ఉంటాయి. స్కూలుకు వెయ్యి అడుగుల లోపల తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. ఆ రాష్ట్రం లైసెన్సు ఇచ్చినవాళ్లకు మినహాయింపు ఉంది, లైసెన్సు లేకుండా క్యారీ చేసేవాళ్లకు లేదు. మన కాలనీల్లో స్కూలు దాటకుండా ఇంటికి చేరడం కష్టం.

తుపాకీ తేవద్దని షాపులు, ఆఫీసుల ముందు పెట్టే బోర్డులు చదవడం నేర్చుకోండి. వాటి మీద ఉండేవి టెక్సస్ చట్టంలోని సెక్షన్ నంబర్లు. 30.05 లైసెన్సు లేనివాళ్లకు, 30.06 లైసెన్సుతో దాచి పెట్టుకున్నవాళ్లకు, 30.07 బయటికి కనపడేలా పెట్టుకున్నవాళ్లకు. బార్ దగ్గర ఎర్రటి 51% బోర్డు (సగానికి పైగా ఆదాయం మద్యం నుంచే అని అర్థం) కనిపిస్తే ఎవరూ తీసుకెళ్లకూడదు. గుడి, చర్చి దగ్గర 2019 నుంచి బోర్డు పెడితేనే లైసెన్సుదారులకు నిషేధం.

శుభ్రం చేసేటప్పుడు వరస తప్పితే ప్రాణం పోతుంది. 2024 నవంబరులో అట్లాంటాలో తెలంగాణ విద్యార్థి ఒకరు హంటింగ్ గన్ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడు. పిస్టల్ అయితే ముందు మ్యాగజైన్ (తూటాల అర) తీయాలి, తర్వాతే స్లైడ్ (పైన జరిగే భాగం) లాగాలి. తిరగేసి చేస్తే స్లైడ్ వదలగానే మ్యాగజైన్‌లోని ఇంకో తూటా ఛాంబర్‌లోకి (పేలే గదిలోకి) ఎక్కుతుంది, మీరేమో ఖాళీ అనుకుంటారు. స్లైడ్ వెనక్కి పట్టి ఛాంబర్‌ను కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు.

జవాబు (నేపర్‌విల్, ఇల్లినాయి): ఎన్‌ఆర్‌ఏ ప్రశ్న మిగిలిపోయింది. ర్యాలీకి వెళ్లడం, మాట్లాడటం, ఎమ్మెల్యేలకు ఉత్తరం రాయడం మీ హక్కే, వీసా అడ్డు కాదు. డబ్బు దగ్గర జాగ్రత్త. గ్రీన్‌కార్డు లేని విదేశీయులు ఎన్నికల అభ్యర్థులకు గానీ పీఏసీలకు (ఎన్నికల చందాలు పోగుచేసే కమిటీలకు) గానీ చందా ఇవ్వకూడదు. సభ్యత్వం ఫారంలోనే పొలిటికల్ ఫండ్ డబ్బా ఒకటి ఉంటే టిక్ తీసేయండి. ఓపెన్ క్యారీ ర్యాలీలో ఎవరో ఫొటోకి రైఫిల్ అందిస్తే పట్టుకోవద్దు.

ఇల్లినాయికి మారితే ఫాయిడ్ కార్డు (ఆ రాష్ట్రం ఇచ్చే తుపాకీ యజమాని గుర్తింపు కార్డు) లేకుండా తూటాలు కూడా కొనలేరు. అలాగే రేంజికి వాడిన బ్యాగును హైదరాబాద్ ప్రయాణానికి వాడకండి. మూల జేబులో ఒక్క తూటా మిగిలినా శంషాబాద్ ఎక్స్‌రేలో దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియక వచ్చిందని కోర్టులో చెప్పుకోవాలి, ఈలోగా రిటర్న్ టికెట్, వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ రెండూ పోతాయి. రేంజి బ్యాగు వేరే రంగుది కొనుక్కోండి.