పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే తెరుచుకోవాలా?

హనుమకొండ జిరాక్స్:
కాకతీయ యూనివర్సిటీ దగ్గర నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. రెండు కంప్యూటర్లలో లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను, పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్ తెరుచుకుంటుంది. మూడోదాంట్లో కుబుంటు, అదీ లినక్సే. అందులోని ప్లాస్మా డెస్క్‌టాప్ నోటిఫికేషన్ మాత్రమే ఇస్తుంది, నొక్కితేనే మౌంట్ అవుతుంది, అంటే డ్రైవ్‌లోని ఫైళ్లు అందుబాటులోకి వస్తాయి. అది గమనించని పిల్లలు "అన్నా, ఇది పని చేస్తలేదు" అని పీకి మళ్లీ పెడుతుంటారు. ఫీజు ఆఖరి రోజైతే ఒకటే టెన్షన్. మూడింట్లోనూ ఆటోమౌంట్ (పెట్టగానే దానంతటదే మౌంట్ అవడం) పెట్టేద్దామనుకుంటున్నా. వైరస్ వస్తుందని మా తమ్ముడు వద్దంటున్నాడు.

కాజీపేట అడ్మిన్:
నేనూ వద్దనే అంటానన్నా. మీ తమ్ముడు భయపడుతున్న విండోస్‌లో డ్రైవ్ పెట్టగానే నడిచే ఆటోరన్ వైరస్ లినక్స్‌లో తనంతట తాను నడవదు. మౌంట్ చేయడం వేరు, ప్రోగ్రామ్ నడపడం వేరు. కానీ మౌంట్ చేసేటప్పుడు డ్రైవ్‌లోని ఫైల్‌సిస్టమ్‌ను (ఫైళ్ల అమరికను) చదివేది లినక్స్‌కు గుండెకాయైన కెర్నలే. కావాలని పాడుచేసిన ఫైల్‌సిస్టమ్‌తో కెర్నల్ లోపాలను వాడుకునే వీలుంది. రోజూ ఎవరెవరివో డ్రైవ్‌లు వచ్చే షాపు మీది.

కరీంనగర్ టీచర్:
ఆ ఒక్క క్లిక్ ఏం ఆపుతుంది సార్? ప్రింట్ కోసం వచ్చినవాళ్లు ఎలాగూ నొక్కుతారు. అసలు నష్టం పీకేటప్పుడు జరుగుతుంది. మా బడిలో ఒక పాప కాపీ అయిపోయిందనుకొని వెంటనే పీకేసింది. ఇంటికెళ్లి చూస్తే ప్రాజెక్ట్ ఫైల్ తెరుచుకోలేదు. రాసిన డేటా ముందు మెమరీలో ఆగి, తర్వాతే డ్రైవ్‌కు చేరుతుంది. ఎజెక్ట్ నొక్కాలని ప్రతి కంప్యూటర్ పక్కన కాగితం అంటించాను. ఆటోమౌంట్ మాత్రం ఉంచాను.

వరంగల్ ఎమ్మెస్సీ:
మౌంట్ సంగతి సరే, ఫోల్డర్ ఎందుకు తెరుచుకోవాలి? హాల్‌టికెట్ కోసం వెళ్తే నా ఇంటి ఫొటోలు స్క్రీన్ నిండా వచ్చాయి. వెనుక లైన్లో పదిమంది. నేను తెరవమన్నది ఒక్క పీడీఎఫ్. మింట్ ఫైల్ మేనేజర్ నీమోలో ఆటోమౌంట్, ఫోల్డర్ తెరవడం వేర్వేరు సెట్టింగ్‌లు. దయచేసి రెండోది తీసేయండి అన్నా.

కాజీపేట అడ్మిన్:
ఈ మాట నాకు తట్టలేదు. నేను చెప్పినదానికంటే ఇదే ముఖ్యం. ఇంకొక్కటి అన్నా, ఆటోమౌంట్ కోసం పెన్‌డ్రైవ్‌లను ఎఫ్‌స్టాబ్‌లో (మౌంట్ చేయాల్సిన డిస్కుల జాబితా ఫైల్‌లో) రాయకండి, ఆ పని యూడిస్క్స్2 అనే సర్వీసు చూసుకుంటుంది. బ్యాకప్ డిస్క్ రాయాల్సి వస్తే యూయూఐడీతో (డిస్క్ గుర్తింపు సంఖ్యతో), నోఫెయిల్ అనే ఆప్షన్ చేర్చి రాయండి. నోఫెయిల్ లేకపోతే, డిస్క్ తగిలించని రోజు, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు అన్నీ మొదలుపెట్టే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి, డెస్క్‌టాప్ రాని ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది.

హనుమకొండ జిరాక్స్:
మూడింట్లోనూ ఆటోమౌంట్ ఉంచాను. ఫోల్డర్ తెరుచుకోవడం మింట్ కంప్యూటర్లలో ఇప్పుడే తీసేశాను చెల్లీ. ఇకపై ఏ ఫైల్ కావాలో అడిగి, స్క్రీన్ మీవైపు తిప్పి, మీతోనే తెరిపిస్తాను.