కొబ్బరి వేళ్లకు బుడిపెల్లేవు, మరి నత్రజని బ్యాక్టీరియా ఉండేదెక్కడ?

లంకతోట: అంబాజీపేట దగ్గర మాకు ఎకరంన్నర కొబ్బరి తోటుందండి. నాన్నగారు ఓపిక లేదనడంతో పోయినేడు నుంచి నేనే చూస్తున్నా. ఎరువుల కొట్టులో అజోస్పైరిల్లమ్ అనే బ్యాక్టీరియా పొడి చేతిలో పెట్టి, "గాలిలో నత్రజని లాగి చెట్టుకు పెడుతుంది, ఇక యూరియా అక్కర్లేదు" అన్నారు. జూన్‌లో వేశా. నిన్న ఒక పాదులో మూరెడు లోతు తవ్వి, వేళ్లు కడిగి చూశా. పిల్లిపెసరకు ఉండే బుడిపెల్లాంటిది ఒక్కటీ లేదు! మోసపోయానా? అన్నట్టు, ఆ రోజు మిగిలిన యూరియా కూడా అదే గంపలో కలిపేశాను.

సూక్ష్మజీవి: కొబ్బరికి బుడిపెలు రావండి. అవి పప్పుజాతి మొక్కలకూ రైజోబియం అనే మరో బ్యాక్టీరియాకూ ఉన్న పొత్తు. అజోస్పైరిల్లమ్ వేళ్లను అంటిపెట్టుకుని, కొంత వేరు లోపలి సందుల్లో దూరి బతుకుతుంది. వేరు వదిలే చక్కెరలు, ఆమ్లాలే దాని తిండి. కంటికి ఆనదు. కాసరగోడ్ కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థలో కొబ్బరి వేళ్ల నుంచే దీన్ని వేరుచేశారు. బీజెరింకియా అని మరొకటుంది, అది ఉష్ణమండలపు చెట్ల ఆకుల మీద కూడా కాపురం పెడుతుంది. ఇక మీ యూరియా సంగతి. ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి బ్యాక్టీరియాకు కనీసం 16 ఏటీపీలు (కణంలో శక్తిని మోసే అణువులు) ఖర్చు. పక్కనే యూరియా దండిగా దొరుకుతుంటే అంత కష్టం ఎందుకు పడుతుంది? నత్రజనిని విడగొట్టే ఎంజైమ్ తయారుచేయడమే ఆపేస్తుంది.

పాతకాపు: గంపలో కలిపేశారా, అయ్యబాబోయ్! ఆ ఘాటుకి అవేం బతికి బట్టకడతాయండి. చెట్టుకు 50 గ్రాముల పొడి, బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, ఆరు నెలలకోసారి, పాదులో తడి ఉన్నప్పుడు వెయ్యాలి. మొదలుకు ఆనించొద్దు, ఐదారడుగుల దాకా చల్లండి. అలాగని యూరియా మొత్తం మానేస్తే దింపులో తెలిసొస్తుంది. కాపు చెట్టుకు ఏడాదికి 500 గ్రాముల నత్రజని కావాలి, అంటే యూరియా కిలో పైచిలుకు. రెండు దఫాలుగా, ఈ పొడికి కొన్నాళ్లు ఎడమిచ్చి వెయ్యండి. నేనైతే తొలకరికి పాదుల్లో జనుము చల్లి, పూతకు రాగానే పచ్చిరొట్టగా మట్టిలోకి తిరగేస్తాను. బుడిపెలే చూడాలనుంటే దాని వేళ్లు పీకండి, బోలెడు! ఇంతకీ ప్యాకెట్ మీద తేదీ చూశారా?

లంకతోట: ఇప్పుడే చెత్తలోంచి తీసి చూశానండి. మార్చితోనే గడువు అయిపోయింది. వేసిందేమో జూన్‌లో. నాన్నగారికి ఇంకా చెప్పలేదు. జనుము విత్తనాలు కిలో ఎంత ఉన్నాయండి ఇప్పుడు?